పచామంకా పెట్టాలంటే ముందు రాళ్ళు చూడండి

పచామంకాలో, అంటే నేలలో గుంత తవ్వి కాల్చిన రాళ్ళతో చేసే పెరూ వంటలో, వండేవాళ్ళ చేతిలో ఉండేది ఒక్క పావుగంటే. గుంతలో అన్నీ పేర్చి మట్టి కప్పేశాక ఇక మూత తీసి చూడ్డం, ఉప్పు సరిపోయిందా అని నాలిక మీద వేసుకోవడం, మంట కాస్త పెంచడం లాంటివేమీ కుదరవు. గంటన్నర తర్వాత తవ్వితే మాంసం ఎముక నుంచి ఊడి వస్తుంది, లేదంటే బంగాళాదుంప మధ్యలో పచ్చిగా కటుక్కుమంటుంది. నాకు మొదటిసారి రెండోదే జరిగింది, అదీ ఇరవై మంది ఆకలితో చుట్టూ నిలబడి చూస్తుండగా. అందుకే ఇక్కడ మసాలా గురించి తక్కువ, రాళ్ళ గురించి ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

ఇది పెరూ దేశపు ఆండీస్ కొండల వంట. అక్కడి కెచువా భాషలో పచా అంటే భూమి, మంకా అంటే కుండ. నేలనే కుండ చేసుకుని, కాల్చిన రాళ్ళనే పొయ్యి చేసుకుని వండడం. హువాంకాయో ఊరున్న మంతారో లోయలో, అయకూచోలో, హువానుకోలో పంటలు ఇంటికొచ్చాక, పెళ్ళిళ్ళకు, ఊరి పండగలకు పెడతారు. 2003లో పెరూ ప్రభుత్వం దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఫిబ్రవరి మొదటి ఆదివారాన్ని పచామంకా దినం అని కూడా పెట్టారు, ఫిబ్రవరిలో కొండల మీద వానాకాలమన్న సంగతి మరి ఎవరికీ గుర్తు రానట్టుంది. తడి నేలలో గుంత తవ్వి, తడి కట్టెలతో రాళ్ళు కాల్చడమంటే సగం వేడి నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది. అసలు సీజను మే నుంచి ఆగస్టు దాకా, నేల ఎండి, కొత్త దుంపలు చేతికొచ్చినప్పుడు.

రాళ్ళతో ఎందుకు, కుండలో ఉడకబెట్టుకోవచ్చు కదా అంటారేమో. హువాంకాయో సముద్ర మట్టానికి దాదాపు 3,250 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా మామూలు కుండలో అంతకు మించి వేడెక్కవు, దుంపలు ఉడుకుతూనే ఉంటాయి. రాయికి ఆ హద్దు లేదు, అది వందల డిగ్రీలు వేడెక్కుతుంది. దానికి తగులుతూ ఉన్న దుంప ఒక పక్క కాలుతుంది, మాంసంలోంచి, ఆకుల్లోంచి వచ్చే ఆవిరికి మిగతాది ఉడుకుతుంది. ఆ రెండూ కలిసిన రుచి కుక్కర్లో రాదు, నేను చేసి చూశాను.

ఇక రాళ్ళు. అక్కడ వాడేవి ఎక్కువగా అగ్నిపర్వతపు రాళ్ళు, నల్లగానో బూడిద రంగుగానో ఉండి బరువుగా, గట్టిగా, చీలిక లేకుండా ఉంటాయి. ఆండెసైట్ అనే రాయికి ఆ పేరు ఆండీస్ కొండల నుంచే వచ్చింది. మీరు వేరే చోట ప్రయత్నిస్తుంటే బసాల్ట్, అంటే మనవైపు నల్లరాయి అనేదే వెతకండి. వాగులోంచి తెచ్చిన నున్నటి గుండ్రాళ్ళు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వద్దు. లోపల పగుళ్ళలో నీరు ఉంటుంది, అది ఆవిరైతే వెయ్యిన్నర రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, బయటికి దారి లేకపోతే రాయి బాంబులా పేలుతుంది. పొరలు పొరలుగా ఉండే రాయి ఏదైనా వద్దు. మన ఇళ్ళలో పరిచే తాండూరు, కడప బండలు సున్నపురాయి జాతివి, పొరలుగా చీలేవి, పెరట్లో ముక్కలు పడున్నాయి కదా అని వాటిని మాత్రం నిప్పుల్లో వేయకండి. రెండు రాళ్ళు తీసుకుని ఒకదాంతో ఒకటి కొట్టి చూడండి, కంగుమని మోగితే మంచిది, డొల్లగా బుస్సుమంటే పక్కన పెట్టండి. హువాంకాయో దగ్గర నేను చూసిన ఇంట్లో ఈ రాళ్ళను పశువుల కొట్టం పక్కన విడిగా, వాన తగలకుండా దాచిపెట్టారు. ఏడాదికి నాలుగైదుసార్లు కాల్చిన పాత రాళ్ళవి, పేలాల్సినవన్నీ ఎప్పుడో పేలిపోయి మిగిలినవి. కొత్త రాళ్ళైతే అసలు రోజుకు ముందే ఒకసారి ఊరికే మంటేసి కాల్చి, దూరంగా నిలబడి, ఏవి పగులుతాయో చూసుకోవాలి.

ఇరవై మందికి సైజు, లెక్క ఇలా పెట్టుకోండి: పిడికిలికి రెండింతల నుంచి కొబ్బరికాయంత దాకా ఉన్న రాళ్ళు ఒక యాభై, అరవై. మరీ పెద్దవైతే లోపలిదాకా కాలవు, మరీ చిన్నవైతే గుంతలో పెట్టేలోపే చల్లారిపోతాయి. గుంత అడ్డంగా ఒక మీటరు, లోతు అర మీటరు కంటే కొంచెం ఎక్కువ. తవ్విన మట్టిని రాళ్ళు, గడ్డి వేర్లు ఏరేసి ఒక పక్కన కుప్ప పోయండి, మళ్ళీ అదే కప్పాలి. అమెరికాలో పెరట్లో తవ్వేవాళ్ళు ముందు 811కి ఫోన్ చేసి కింద గ్యాస్ పైపులూ కేబుళ్ళూ లేవని తేల్చుకోండి, మీ కౌంటీలో ఆరుబయట మంట పెట్టకూడదనే నిషేధం ఉందేమో కూడా చూసుకోండి. ఇది సరదాకి చెప్పట్లేదు.

మాంసం పని ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. గొర్రె, పంది, కోడి మూడూ పెట్టడం మామూలు, కొన్ని చోట్ల ఒంటె జాతికి చెందిన అల్పాకా మాంసం, ఇంకొన్ని చోట్ల కూయ్ అనే గినీ పందిని, ఎలుకను కాస్త పెద్దది చేసినట్టుంటుంది, ముక్కలు చేయకుండా మొత్తంగా పెడతారు. హువానుకోలో అయితే పంది మాంసమే ప్రధానం. ఎముకతో ఉన్న ముక్కలే తీసుకోండి, అరచేతి మందం, మొత్తం ఆరేడు కిలోలు. దానికి పట్టించే ముద్దకు ప్రాణం వకతాయ్, చించో అనే రెండు ఆకులు. రెండూ మన బంతి మొక్క జాతివే, బంతి కూడా అసలు అమెరికా ఖండాల నుంచి వచ్చిందే కదా. వాసన చెప్పాలంటే పుదీనా, తులసి, బంతాకు మూడూ కలిపి నలిపినట్టు, కాస్త ఘాటుగా ఉంటుంది. ఈ ఆకుల్ని వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, ఆహి పాంకా అనే ముదురెరుపు ఎండుమిర్చి, ఉప్పుతో కలిపి బటాన్ మీద నూరతారు. బటాన్ అంటే మన సన్నికల్లుకు పెద్దన్న, పైన రాయిని అటూ ఇటూ దొర్లించకుండా ఊయల ఊపినట్టు ఊపుతారు. తర్వాత కొంచెం వెనిగరో, మొక్కజొన్న మొలకలతో పులియబెట్టిన చిచా దె హోరా అనే పానీయమో కలిపి, ముక్కలకు దట్టంగా పట్టించి రాత్రంతా ఊరనిస్తారు. అమెరికాలో లాటిన్ కిరాణా కొట్లలో వకతాయ్ ముద్ద సీసాల్లో దొరుకుతుంది. దొరక్కపోతే పుదీనా రెండు వంతులు, కొత్తిమీర ఒక వంతు, కాసింత తులసి వేసుకోండి, అదే రుచి రాదు గానీ పరువు దక్కుతుంది. పూలకొట్టు బంతి ఆకులు మాత్రం కోసి వేయకండి, వాటి మీద ఏం మందు కొట్టారో మీకు తెలియదు.

మనవాళ్ళకు ఒక మాట. ముక్కకు మసాలా ఇంకా కావాలనిపించి గరం మసాలా, అల్లం పేస్టు, పెరుగు అన్నీ దట్టిస్తారు, నేను చూశాను. పెరుగు, గట్టి మసాలా వేడి రాయికి అంటుకుని నిమిషంలో మాడిపోతాయి, ఆ మాడు వాసన గుంత మొత్తానికి పడుతుంది, దుంపల్ని కూడా వదలదు. ముద్ద పలుచగానే ఉండాలి.

దుంపల విషయంలో పెరూ వాళ్ళకు పట్టింపులు చాలా ఎక్కువ, న్యాయమే, బంగాళాదుంప పుట్టిల్లు అది. 1971లో రాజధాని లీమాలో పెట్టిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంలో వేల రకాలు దాచి ఉంచారు. పచామంకాకు హువాయ్రో లాంటి రకం వేస్తారు, పసుపురంగు అమరియా రకం రుచికి అద్భుతం గానీ వేడికి పగిలి పిండైపోతుంది. తొక్క తీయొద్దు, కోయొద్దు, కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఇరవై మందికి ఆరు కిలోలు. వాటితో పాటు మూడు కిలోల చిలగడదుంపలు, దొరికితే ఓకా అనే గులాబీ రంగు చిన్న దుంపలు. ఓకాను కొన్ని రోజులు ఎండలో పెడితే తియ్యబడుతుంది, లేకపోతే పుల్లగా నాలిక చురుక్కుమంటుంది. పొట్టుతోనే ఉన్న మొక్కజొన్న కంకులు మనిషికి ఒకటి. పొట్టుతోనే ఉన్న ఫావా చిక్కుళ్ళు ఒక మూడు కిలోలు, కాయ లోపలే గింజ ఆవిరికి ఉడుకుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం ఉంటే వాళ్ళు ఈ చిక్కుళ్ళ జోలికి పోకూడదు, రక్తకణాలు దెబ్బతింటాయి. ఇక ఉమితాలు: లేత మొక్కజొన్న రుబ్బి, కొంచెం వెన్న, చక్కెర, సోంపు కలిపి, కంకి పొట్టులోనే చుట్టి కట్టేవి. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి చేసే పొట్టిక్కలు తిన్నవాళ్ళకు ఆకు వాసన పిండికి పట్టడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మంట పొద్దున్నే మొదలుపెట్టాలి. గుంత అంచు మీద రాళ్ళను గుండ్రంగా పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ లోపలికి వంచుతూ చిన్న గోపురంలా కడతారు, ఒక పక్క కట్టెలు తోయడానికి నోరు వదులుతారు. కట్టడం రాకపోతే కంగారు పడకండి, గుంతలో కట్టెలు అడ్డదిడ్డంగా పేర్చి వాటి మీద రాళ్ళు కుప్పగా పోసినా పనైపోతుంది, కాకపోతే కట్టెలు ఎక్కువ పడతాయి. కొండల్లో ఎక్కువగా నీలగిరి కట్టెలే వాడతారు. రంగు వేసినవి, పాలిష్ పట్టినవి, పాత తలుపుల చెక్కలు వద్దే వద్దు. రెండు, మూడు గంటలు మంట ఆగకుండా ఉండాలి. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి, మొదటి అరగంట మరీ ముఖ్యం, పగిలే రాయి ఏదైనా ఉంటే ఎక్కువగా అప్పుడే పగులుతుంది. నైలాన్ బట్టలు, చెప్పులు వద్దు, కాటన్ ప్యాంటూ బూట్లూ వేసుకోండి.

రాయి కాలిందో లేదో రంగే చెబుతుంది. ముందు మసి పట్టి నల్లబడుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు, నేనూ మొదటిసారి అక్కడే ఆపాను, అదే నా పచ్చి దుంపల కథకు కారణాల్లో ఒకటి. మంట ఇంకా కొనసాగితే ఆ మసే కాలిపోయి రాయి తెల్లగా, బూడిద పూసినట్టు అవుతుంది. అప్పుడు కాలినట్టు. తడి రెమ్మతో దూరం నుంచి ఒక్క చుక్క విదిలిస్తే రాయి మీద నిలవకుండా ఎగిరిపోవాలి. చెంబుతో నీళ్ళు పోయకండి, పగులుతుంది.

ఇక ఆ పావుగంట. ఇక్కడికి వచ్చేసరికి మీకు కావలసింది మనుషులు. ఇది ఊరంతా కలిసి చేసే వంట ఎందుకైందో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది, ఒక్కడు చేయాలంటే అయ్యే పని కాదు. ఇద్దరు పారలతో గోపురం కూల్చి రాళ్ళు పక్కకు లాగాలి, ఒకరు నిప్పులూ బొగ్గులూ గుంతలోంచి ఎత్తిపోయాలి, ఒకరు పచ్చి కొమ్మల కట్టతో రాళ్ళ మీది బూడిద ఊడ్చాలి, ఇద్దరు దుంపలు, ఇద్దరు మాంసం పళ్ళేలు పట్టుకుని సిద్ధంగా ఉండాలి, ఇంకొకరు తడిపిన గోనె పట్టాలతో, మిగతావాళ్ళు మట్టి పారలతో. ఎవరి పని ఏమిటో ముందే చెప్పి, వంట సామానంతా గుంత పక్కన వరసలో పెట్టుకుని, ఒకసారి ఉత్త చేతులతో రిహార్సల్ చేసినా తప్పులేదు. మొదటిసారి తినేవాళ్ళు ఇరవై మంది ఉన్నా పనికి దిగింది మేం ఐదుగురమే, రాళ్ళు మోయడానికే ఇరవై నిమిషాలు పట్టింది, అప్పటికే అవి సగం చల్లారాయి.

వరస ఇదీ. గుంత అడుగున అన్నిటికంటే పెద్ద రాళ్ళు పరవండి. వాటి మీద బంగాళాదుంపలు, చిలగడదుంపలు, ఓకా. వీటికే ఎక్కువ వేడి కావాలి, పైగా పైనుంచి కారే మాంసం కొవ్వూ ఆకుల రసమూ వీటి మీదే పడతాయి, రేపు అందరూ మెచ్చుకునేది ఈ దుంపల్నే. వాటి మీద ఒక వరస వేడి రాళ్ళు. తర్వాత గొర్రె, పంది ముక్కలు, ముక్కకూ ముక్కకూ మధ్య చిన్న రాయి దూర్చండి, లావు ముక్కైతే కత్తితో చీల్చి లోపలే రాయి పెట్టొచ్చు. మళ్ళీ ఒక వరస రాళ్ళు, వాటి మీద కోడి. ఆ పైన మిగిలిన చిన్న రాళ్ళు కొన్ని వేసి చిక్కుళ్ళు, కంకులు, ఉమితాలు. అన్నిటి మీదా చేతినిండా వకతాయ్, చించో రెమ్మలు, అల్ఫాల్ఫా గడ్డి, అరిటాకులు దొరికే చోట అరిటాకులు. వాటి మీద తడి గోనె పట్టాలు రెండు పొరలు, చివర మట్టి. కొందరు పట్టాల మీద ప్లాస్టిక్ షీటు కూడా పరుస్తారు, నాకు ఇష్టం లేదు, వేడికి కరిగితే ఆ వాసన భరించలేం. గోనెలు మందంగా వేస్తే మట్టి లోపలికి దిగదు.

మట్టి కప్పాక గుట్ట చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడైనా సన్నగా ఆవిరి వస్తుంటే అక్కడ ఇంకో పార మట్టి వేయండి, మళ్ళీ చూడండి. కప్పిన పది నిమిషాల దాకా ఇదే పని. ఆవిరి పోతోందంటే వంట పోతోందన్నట్టే. అంతా ఆగాక గుట్ట మీద పూలతో కట్టిన చిన్న శిలువ నిలబెడతారు, గుంత తెరవడానికి ఒక పెద్దమనిషిని పద్రినోగా ఎంచుకుంటారు, బీరు కేసులు ఆయన ఖర్చే. తాగేముందు గ్లాసులోంచి కొంచెం నేల మీద పోస్తారు, అది పచమామాకు, భూమి తల్లికి. ఒక పక్క శిలువ, ఒక పక్క భూమి తల్లి, ఇద్దరికీ ఇబ్బంది లేదు.

కోడి, దుంపలు మాత్రమే అయితే గంట చాలు, గొర్రె, పంది ఉంటే గంటన్నర. ఈలోపు పచ్చడి నూరుకోండి. ఉచుకుతా అంటారు, రొకోతో అనే కండగల మిరపకాయ, వకతాయ్, ఉప్పు, కొందరు వేరుశనగపప్పో తాజా జున్నో కూడా వేస్తారు. రోటి పచ్చడి చేసే చేతికి ఇది నేర్పక్కర్లేదు.

తెరిచేటప్పుడు ఆత్రం వద్దు. మట్టిని అంచుల నుంచి బయటికి లాగండి, మధ్యలోంచి తవ్వితే అంతా తిండిలో పడుతుంది. పట్టాలను ఇద్దరు నాలుగు మూలలా పట్టుకుని ఒక్కసారి ఎత్తి పక్కకు తిప్పాలి, ముఖం దూరంగా పెట్టుకోండి, ఆవిరి కాలుస్తుంది. పై నుంచి ఒక్కో పొర తీసి విడివిడిగా గంపల్లో వేసి, గుడ్డ కప్పండి. పంది, కోడి ముక్కల్లో లావుదాన్ని ఎముక దగ్గర కోసి చూడండి, ఎర్ర రసం కారితే అది వడ్డించకండి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 74 డిగ్రీలు చూపించాలి. ఉడకకపోతే మళ్ళీ గుంత మూసి లాభం లేదు, రాళ్ళలో ఇక సత్తువ ఉండదు. పక్కకు తోసిన నిప్పులు ఉంటాయిగా, వాటి మీద ఇనుప జాలీ పెట్టి కాల్చేయండి, దుంపల్ని బూడిదలో కప్పేయండి. మేం అదే చేశాం. ఎవరూ ఏమీ అనలేదు, బీరు అయిపోయినందుకు మాత్రం అన్నారు.

ఇదంతా చదివి గుండె జారితే వాతియాతో మొదలుపెట్టండి. దుంపలు తవ్విన పొలంలో రాళ్ళే లేకుండా, ఎండిన మట్టి పెళ్ళలతో మోకాలెత్తు గోపురం కట్టి, ఒక చిన్న నోరు వదిలి, లోపల పుల్లలూ ఎండు గడ్డీ వేసి పెళ్ళలు ఎర్రబడేదాకా కాలుస్తారు. తర్వాత నిప్పులు కొంత లాగేసి, పై కన్నంలోంచి దుంపలు లోపలికి విసిరి, గోపురాన్ని వాటి మీదే కూల్చి, పారతో మెత్తగా చితక్కొట్టి, ఇంకొంచెం మట్టి కప్పుతారు. ముప్పావు గంట. తవ్వి, తొక్క వలిచి, జున్ను, ఉచుకుతాతో తింటారు. గోదావరి జిల్లాల్లో తేగలు తంపట వేయడం చూసినవాళ్ళకు ఈ మట్టి, పొగ కలిసిన వాసన కొత్తగా ఉండదు. ఇద్దరు చాలు, గుంత అక్కర్లేదు, పోయినా పోయేది నాలుగు దుంపలే.

ఫ్లాట్లో ఉండేవాళ్ళకు లీమాలోనే ఒక దారి కనిపెట్టారు, కుండ పచామంకా అంటారు. మందపాటి గిన్నె అడుగున కంకి పొట్టు పరిచి, దుంపలు, మాంసం, చిక్కుళ్ళు అదే వరసలో పేర్చి, ఊరబెట్టిన రసం పోసి, ఆకులతో కప్పి, మూత బిగించి సన్న సెగ మీద గంటకు పైగా. రుచిగా ఉంటుంది. రాయి మాత్రం లేదు.

తిన్నాక రాళ్ళను నీళ్ళు పోసి చల్లార్చకండి, మర్నాడు పొద్దుటిదాకా అలాగే గుంతలో వదిలేయండి, రాత్రి పది గంటలకు కూడా చేయి కాలేంత వేడిగా ఉంటాయి. పొద్దున ఒక్కొక్కటే తీసి కొట్టి చూసి, డొల్లగా మోగినవీ చీలిక కనిపించినవీ గుంతలోనే పూడ్చేసి, మిగిలినవి లెక్కపెట్టి పొడిచోట పెట్టుకోండి. మాకు 58లో 51 మిగిలాయి.